అప్‌డేట్: స్థూపం మీది అన్నదమ్ముల పేర్లు చదవగలిగాం

సాయుధ పోరాటంలో చనిపోయిన ఇద్దరు అన్నదమ్ముల పేర్లు మా నల్లగొండ పల్లె స్థూపం మీద సున్నం పొరల కింద పడిపోయాయని, ఎట్లా బయటికి తేవాలని అడిగాను కదా. పని అయింది.

యాసిడ్‌తో కడగొద్దని అప్పుడు మీరిచ్చిన సలహా నూటికి నూరుపాళ్లు నిజం. గ్రానైట్‌కు పెద్దగా ఏమీ కాకపోవచ్చు గానీ రాళ్ల మధ్య సిమెంటును తినేస్తుంది, రాయిలో ఇనుము ఉంటే తుప్పు మరకలు లేస్తాయి. తడి గోనెసంచి కప్పి రాత్రంతా నాననిచ్చి, పొద్దున వెదురు బద్దతో గీకితే సున్నం పెచ్చులుగా ఊడింది. మిగిలింది నైలాన్ బ్రష్‌తో పోయింది. ఇనుప బ్రష్ ముట్టలేదు, దాని గీతలు అక్షరాల్లా కనబడి మోసం చేస్తాయి.

చదవడానికి పగటి వెలుగు దండగ. చీకటి పడ్డాక టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వేయాలి. ఒక్కో దిక్కు నుంచి ఒక్కో ఫోటో. ఒకవైపు వెలుగులో ఒక గీత మాయమై ‘వ’ కాస్తా ‘ప’ అవుతుంది, మొదట మేం ఇంటిపేరు తప్పు చదివింది అక్కడే. 1954-55 ఖాస్రా పహాణీలో (పాత భూమి రికార్డు) తండ్రి పేరుతో సరిచూస్తే తేలింది.

పాత కాగితాల్లో ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం) ఉంటే, ఇంగ్లీషు సంవత్సరం కోసం 590 కలపండి. 1357 ఫసలీ అంటే 1947-48.

అక్షరాల్లో నల్ల ఎనామిల్ సన్న కుంచెతో, రాయి పూర్తిగా ఆరాకే. తడి మీద వేస్తే మొదటి ఎండకే లేస్తుంది. ఈసారి సున్నం మాత్రం గద్దె వరకే.