జూ గేటు మీద జంతువుల బొమ్మలు: ఎప్పటి నుంచి ఉన్నాయి, ఎందుకు పెడతారు?

ప్రశ్న: మాసాబ్‌ట్యాంక్ స్టూడెంట్

అందరికీ నమస్కారం. నేను ఆర్కిటెక్చర్ రెండో సంవత్సరం. జూకి ప్రవేశద్వారం డిజైన్ చేయమని మాకు ప్రాజెక్టు ఇచ్చారు. పోయిన ఆదివారం నెహ్రూ జూలాజికల్ పార్కుకి వెళ్లి, లోపలికి పోకుండా గేటు దగ్గరే గంటసేపు నిలబడి వచ్చేపోయేవాళ్లను చూశాను. ఇంటికొచ్చి స్కెచ్ వేశాను. పైన సింహం, రెండు పక్కలా రెండు ఏనుగులు.

మా సార్ చూసి ఒక్కటే అడిగారు: "ఆ బొమ్మలు తీసేస్తే నీ గేటుకి ఏమవుతుంది?" ఏమీ కాదు. అదే చెప్పాను. ఆయన షీటు తిరిగి ఇచ్చేశారు.

వేరే ఊళ్లలో ఇలాంటి గేట్లు ఎలా కట్టారో తెలిసినవాళ్లు చెప్తారా? బుధవారం రివ్యూ. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: బాలానగర్ ఫాబ్రికేటర్

అమ్మా, మీ సార్ అడగాల్సిందే అడిగారు. ఆ ప్రశ్న నన్ను కూడా ఎవరైనా మొదట్లోనే అడిగి ఉంటే బాగుండేది.

ముప్ఫై ఏళ్లుగా గేట్లు చేస్తున్నాను. ఒకసారి ఒక ఫంక్షన్ హాలువాళ్లు రెండు రెక్కల మీదా ఇత్తడి సింహాలు కావాలన్నారు. ఒక్కోటి నలభై కిలోలు. రెక్కలు కలిసే చోట, ఎదురుగా కనపడేలా బిగించాం. ఏడాది తిరక్కుండానే ఒక రెక్క వాలిపోయి నేలను గీకడం మొదలైంది. బరువు బందుకి (రెక్కని గోడకి పట్టి ఉంచే కీలుకి) ఎంత దూరంగా ఉంటే పై బందుని అంత గట్టిగా లాగుతుంది. వెళ్లి చూస్తే గోడలోంచి పై బందు వేలెడంత బయటికి వచ్చి ఉంది, చుట్టూ సిమెంటు పగిలింది. సింహాల్ని దించి స్తంభాల మీద పెట్టాకే గేటు సరిగ్గా తిరిగింది. గేటుకి అక్కర్లేని బొమ్మ గేటు మీద ఉంటే అది బరువే.

ఆ తర్వాతే పాత గేట్ల ఫొటోలు వెతికి మరీ చూడటం అలవాటైంది.

బెర్లిన్ జూలో ఏనుగుల ద్వారం ఉంది. 1899లో కట్టారు. మోకాళ్ల మీద కూర్చున్న రెండు రాతి ఏనుగులు, వాటి వీపుల మీద స్తంభాలు, ఆ స్తంభాల మీద రంగురంగుల పైకప్పు. ఏనుగుని తీస్తే కప్పు కూలుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అది నాశనమైతే 1980లలో మళ్లీ అలాగే కట్టుకున్నారు. బుడాపెస్ట్ జూ గేటు 1912 నాటిది. అక్కడ కమాను అడుగున ఏనుగులు, కమాను చుట్టూ ధ్రువపు ఎలుగుబంట్లు.

నాకు మాత్రం అన్నిటికంటే న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూ గేటు ఇష్టం. పాల్ రేనీ అనే వేటగాడు ఉండేవాడు. ఆఫ్రికాలో సింహాల్ని వేటాడి పేరు తెచ్చుకున్నవాడు. 1923లో ఓడ ప్రయాణంలో చనిపోయాడు. అతని అక్క గ్రేస్ రేనీ రోజర్స్ తమ్ముడి గుర్తుగా ఈ గేటు చేయించింది. శిల్పి పాల్ మాన్‌షిప్. ఏళ్ల తరబడి నమూనాలు చేసుకుని, బెల్జియంలో కంచు పోత పోయించాడు. 1934లో తెరిచారు. అదే ఏడాది రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో పెట్టిన బంగారు రంగు ప్రొమీథియస్ (గ్రీకు పురాణ పాత్ర) విగ్రహం కూడా ఈయన చేసిందే.

ఆ గేటులో మనం వేసేలాంటి నిలువు చువ్వలు కనపడవు. కొమ్మలు, ఆకులు అల్లుకుపోయి అవే గేటు అయ్యాయి. ఆ కొమ్మల మధ్య జింకలు, ఎలుగుబంట్లు, పక్షులు. పైన సింహం, చిరుతపులి, బబూన్ కోతి. ఏ ఒక్కటీ మీదికి ఎగబడుతున్నట్టు ఉండదు, వాటి చోట్లో అవి ఉంటాయి. వేటగాడి గుర్తుగా చేసినదాంట్లో ఎక్కడా తుపాకీ లేకపోవడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

లోహం గురించి ఒక మాట. ఇనుముకి తుప్పు పడితే పొరలు పొరలుగా ఊడి, లోపలి ఇనుము మళ్లీ తుప్పు పడుతుంది. కంచుకి పట్టే ఆకుపచ్చ చిలుము అలా ఊడదు, లోపలి లోహాన్ని కాపాడుతుంది. అందుకే తొంభై ఏళ్ల కంచు గేటు నిలబడుతుంది. మీ బడ్జెట్‌లో కంచు రాకపోతే రాయి ఆలోచించండి. సీఎన్‌సీలో, అంటే కంప్యూటర్ నడిపే మిషన్‌లో, కోసిన రేకు సింహం మాత్రం వద్దు. రోజూ నా షాపులో అవే కోస్తున్నాం, అయినా చెప్తున్నాను.

రాయి అంటే గుర్తొచ్చింది, అంత దూరం ఎందుకు, గోల్కొండకి వెళ్లండి. బాలాహిస్సార్ దర్వాజా. అందరూ చప్పట్లు కొట్టే చోటికి పరుగెడుతూ దాని కిందుగా దాటిపోతారు. ఆగి తల పైకెత్తండి. పైన పురి విప్పిన నెమళ్లు గచ్చుతో చేసినవి. వాటి కిందున్న గ్రానైట్ దూలంలో యాళిలు, అంటే సింహం పోలికలున్న పురాణ మృగాలు. బయట చెక్కి తెచ్చి అంటించినవి కావు, దూలంలోనే చెక్కారు. యాళిని తీయాలంటే దర్వాజా పడగొట్టాలి.

జవాబు: రెడ్‌హిల్స్ పెద్దమ్మ

నాకు డెబ్బై దాటాయమ్మా. జూ బహదూర్‌పురాకి మారకముందు పబ్లిక్ గార్డెన్స్‌లో ఉండేది. మా ఇల్లు దగ్గరే. తెల్లవారుజామున సింహం గర్జన మా వంటింట్లోకి వినిపించేది. మీర్ ఆలం చెరువు పక్కన 1963లో కొత్త జూ తెరిచాక ఆ గర్జన ఆగిపోయింది. కొన్నాళ్లు నాకు ఐదింటికే మెలకువ వచ్చి, వినపడక అలాగే పడుకునేదాన్ని. మాకు జూ గేటు అంటే ఆ చప్పుడే. నీ డిజైన్‌లో దానికి కూడా చోటు ఉంటుందేమో చూడు తల్లీ.

ప్రశ్న అడిగిన స్టూడెంట్

అన్నా, పెద్దమ్మా, ఇద్దరికీ చాలా థాంక్స్. స్కెచ్ మొత్తం చెరిపేశాను. పైనున్న సింహం పోయింది. ఏనుగుల్ని స్తంభాల కిందికి తెచ్చి బరువు వాటి మీద వేస్తున్నాను. అన్నా, రాతి ఏనుగు మోకాళ్ల మీద ఉంటే కాళ్ల సందుల్లో వాన నీళ్లు నిలవవా? వాలు ఎటు ఇవ్వాలి?

రేపు సోమవారం, జూకి సెలవు. పొద్దున్నే గోల్కొండకి వెళ్లి ఆ దూలం గీసుకుని వస్తాను.

బాలానగర్ ఫాబ్రికేటర్

మంచి ప్రశ్న. వాలు బయటి వైపుకి ఇవ్వండి, స్తంభం మొదట్లోకి వద్దు. వీపు మీద స్తంభం ఆనే చోట చుట్టూ చిన్న కాలువ చెక్కండి. గోల్కొండకి తెరవగానే చేరితే రద్దీ తక్కువ, నింపాదిగా గీసుకోవచ్చు.