ఒక్క వ్యాసంలో అమెరికా ఎన్నికలు, అబార్షన్, వలస, తుపాకులు: నా చిత్తుప్రతిలో తప్పెక్కడ?

తొలిచిత్తు:
కాలేజీ పత్రికకు 1,200 పదాల రాజకీయ వ్యాఖ్య రాస్తున్నాను. విషయం 2024 నవంబరు 5 అమెరికా ఎన్నికలు. అధ్యక్ష పోటీ, సెనేట్ పోటీలు, వాటితోపాటు జనాన్ని రెండుగా చీల్చే అబార్షన్, వలస, తుపాకుల గొడవ కూడా ఉండాలి. వ్యాసమంతా రెండు వాక్యాల మీద నిలబడింది. ఒకటి: "ట్రంప్‌ను గెలిపించిన రాష్ట్రాలు అబార్షన్ హక్కును తిరస్కరించాయి." రెండోది: "సర్వేలన్నీ ఘోరంగా తప్పాయి." సంపాదకులు రెండింటి చుట్టూ ఎర్రసిరాతో గీత గీసి తిప్పి పంపారు. వీటిలో తప్పేమిటి? ఇన్ని అంశాలు ఒకే వ్యాసంలో ఎలా ఇమడ్చాలి?

తూనికరాయి:
ఇమడ్చకండి. ఒక్క రాష్ట్రం పట్టుకోండి. నన్నడిగితే అరిజోనా.

అక్కడ ఓటర్లు ఒకే బ్యాలెట్ మీద నాలుగు రకాల జవాబులిచ్చారు. అధ్యక్ష పదవికి ట్రంప్‌కు 52.2 శాతం. సెనేట్‌కు డెమోక్రాట్ రూబెన్ గయేగోకు 50.1 శాతం, రిపబ్లికన్ కారీ లేక్ ఓడిపోయారు. అబార్షన్ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చే ప్రొపోజిషన్ (ప్రజలే నేరుగా ఓటేసి తేల్చే ప్రతిపాదన) 139కి 61.6 శాతం. అనుమతి లేకుండా సరిహద్దు దాటడాన్ని రాష్ట్ర నేరంగా మార్చే ప్రొపోజిషన్ 314కి సుమారు 62.6 శాతం. ఏ పార్టీ ప్రచారపత్రంలోనూ ఈ నాలుగూ ఒకచోట కనపడవు, ఓటరు దగ్గర మాత్రం కలిసే ఉన్నాయి. మీ వ్యాసానికి అసలు విషయం అదే.

మీ మొదటి వాక్యం ఇక్కడే కూలిపోయింది. మిస్సోరీలో కూడా నిలవదు. అక్కడ ట్రంప్‌కు 58 శాతం పైచిలుకు ఓట్లొచ్చాయి, అబార్షన్ హక్కు సవరణ కూడా 51.6 శాతంతో నెగ్గింది. ఫ్లోరిడాలో సవరణ వీగిపోయింది నిజమే, కానీ 57 శాతం మంది అవునన్నాక వీగిపోయింది. అక్కడ రాజ్యాంగ సవరణకు 60 శాతం కావాలి. ఆ గడప సంగతి చెప్పకుండా "ఓడింది" అని ఊరుకుంటే, మెజారిటీ వద్దన్నదనే పాఠకుడు అనుకుంటాడు. దక్షిణ డకోటా, నెబ్రాస్కా మీ వాక్యానికి సరిపోతాయి. వాటినీ చెప్పండి, దాచవద్దు. "చాలా రాష్ట్రాల్లో ఈ రెండు ఓట్లూ ఒకదారిన పోలేదు" అంటే చాలు, ఎవరూ తప్పుపట్టలేరు.

రెండో పని: ఏ అంశం దగ్గరైనా "ఇది తేల్చే అధికారం ఎవరిది?" అని వేసుకుని, జవాబు ఒక్క వాక్యంలో రాయండి. విద్యార్థుల వ్యాసాలు ఎక్కువగా జారేది ఇక్కడే. అధ్యక్షుడు మారితే అన్నీ మారిపోతాయన్నట్టు రాస్తారు. అబార్షన్‌ను దేశమంతటా రాజ్యాంగ హక్కుగా గుర్తించిన 1973 నాటి రో తీర్పును 2022 జూన్ 24న డాబ్స్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేశాక అబార్షన్ ప్రధానంగా రాష్ట్రాల చేతికి వచ్చింది. దేశమంతటికీ ఒకే చట్టం చెయ్యాలంటే సెనేట్‌లో ఫిలిబస్టర్‌ను, అంటే చర్చను సాగదీసి బిల్లును ఓటింగుకు రానివ్వని ఎత్తును, దాటాలి, దానికి 100లో 60 ఓట్లు కావాలి. 2024 ఎన్నికల తర్వాత రిపబ్లికన్లకు ఉన్న సీట్లు 53. బడ్జెట్ సర్దుబాటు బిల్లులకైతే మామూలు మెజారిటీ సరిపోతుంది, జడ్జీల నియామకాలకూ అంతే. అందుకే సెనేట్ పోటీకి అంత విలువ. వ్యాసంలో సెనేట్‌ను తీసుకురావడానికి సహజమైన చోటు కూడా ఇదే.

వలస సంగతి దీనికి తలకిందులు. అది కేంద్ర ప్రభుత్వ విషయమని 2012లో అరిజోనా కేసులోనే సుప్రీంకోర్టు ఆ రాష్ట్ర చట్టంలో చాలా భాగం కొట్టేసింది. 314లో సరిహద్దు నేరం భాగం కూడా నెగ్గిన మర్నాటి నుంచే అమల్లోకి రాలేదు. టెక్సస్ ఎస్‌బీ 4 (సరిహద్దు దాటడాన్ని రాష్ట్ర నేరం చేసిన చట్టం) లాంటిది వరుసగా 60 రోజులు అమల్లో ఉంటేగానీ అది పనిచెయ్యదని ప్రతిపాదనలోనే రాసుంది. "అరిజోనా పోలీసులు ఇక అరెస్టులు చేస్తారు" అని రాస్తే తప్పు.

లెక్కలపంతులు:
తూనికరాయి గారి అంకెలతో ఒక ప్రమాదం ఉంది. "ట్రంప్‌కు వేసినవాళ్ళే గయేగోకూ వేశారు" అని తొందరపడి రాయకండి. రాష్ట్రం మొత్తం అంకెలు చూసి ఒక్కొక్క ఓటరు ఏం చేశాడో చెప్పలేం. కూడిక మాత్రం కొంత చెబుతుంది. 52.2కి 61.6 కలిపితే 113.8. వంద దాటింది కాబట్టి కొందరు ట్రంప్‌కూ, 139కీ రెండింటికీ వేసి తీరాలి. ఒక్కో ప్రశ్నను ఖాళీగా వదిలినవాళ్ళను కూడా లెక్కలోకి తెస్తే ఆ 13.8 కాస్త తగ్గుతుంది, సున్నా మాత్రం కాదు. అదే ట్రంప్, గయేగోలను కూడితే 102.3. ఖాళీలు తీసేస్తే ఆ కాస్తా దాదాపు కరిగిపోతుంది. అలా ఇద్దరికీ వేసినవాళ్ళు ఉండే ఉంటారు, కానీ ఎంతమందో ఈ శాతాల కూడిక చెప్పదు.

ఇక సర్వేలు. 800 మందిని అడిగిన సర్వేలో ఒక్కో అభ్యర్థి శాతానికి దాదాపు 3.5 పాయింట్ల పొరపాటు అవకాశం ఉంటుంది. ఇద్దరి మధ్య తేడాకు అది ఇంచుమించు రెట్టింపు, అంటే 7 దాకా. కాబట్టి 48-46 అని వస్తే "ముందంజ" అనకండి, "పోటాపోటీ" అనండి. 2024లో జాతీయ సర్వేల సగటుల్లో డెమోక్రాట్ అభ్యర్థి కమలా హారిస్ సుమారు ఒక పాయింటు ముందున్నారు, చివరికి ట్రంప్ 1.5 పాయింట్లతో గెలిచారు. రెండున్నర పాయింట్ల తేడాను ఘోరం అనలేం, 2020లో ఇంకా ఎక్కువ తప్పాయి. మీరు నిజంగా పట్టుకోదగ్గ విషయం వేరే ఉంది: 2016, 2020, 2024 మూడుసార్లూ సర్వేలు ట్రంప్ బలాన్ని తక్కువ చేసే చూపించాయి. తప్పు ఎంత అన్నదానికన్నా, ప్రతిసారీ ఒకే వైపు జరగడం గురించి రాయండి.

సర్వే పేరు చెప్పినప్పుడల్లా తేదీలు, ఎంతమందిని అడిగారు, నమోదైన ఓటర్లనా లేక ఓటేసే అవకాశమున్నవాళ్ళనా, ఈ మూడూ రాయండి. ఎగ్జిట్ పోల్స్‌ను ఎన్నికల రాత్రి అంకెలతో వాడొద్దు. వాటిని తర్వాత అసలు ఫలితానికి తగ్గట్టు సరిచేస్తారు.

తొలిచిత్తు:
చాలా థాంక్సండీ. అరిజోనాకే పరిమితమవుతాను. తుపాకులను పూర్తిగా వదిలెయ్యనా? ఇంకొకటి, అరిజోనా ఫలితం అన్ని రోజులు ఆలస్యమవడం గురించి ఒక పేరా ఉంది, ఉంచనా?

తూనికరాయి:
తుపాకులు వదిలెయ్యండి. ఆ ఏడాది అరిజోనా బ్యాలెట్ మీద ఆ ప్రశ్న లేదు, బలవంతాన దూరిస్తే అతుకు కనపడుతుంది. తప్పదంటే ఒక్క వాక్యం: 2022లో తుపాకుల చట్టం సెనేట్‌లో 65-33తో నెగ్గింది, 15 మంది రిపబ్లికన్లు కలిశారు. చీలిక గురించి రాసేటప్పుడు చీలిక దాటిన సందర్భం కూడా చూపినట్టవుతుంది.

ఆలస్యం పేరా ఉంచండి, కారణంతో సహా. అక్కడ చాలామంది తపాలా బ్యాలెట్‌ను ఇంట్లోనే నింపి పోలింగు రోజు స్వయంగా తెచ్చి పెట్టెలో వేస్తారు. ప్రతి కవరు మీది సంతకాన్ని రికార్డుతో పోల్చాకే లెక్కింపు. లెక్కింపును బట్టి విజేతలను ప్రకటించే వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ అరిజోనాను ట్రంప్‌కు నవంబరు 9న ప్రకటించింది, గయేగో గెలుపును 11న. కారణం చెప్పకుండా "రోజులు గడిచేకొద్దీ ఆధిక్యం మారింది" అని రాస్తే లేని అనుమానం మీరే నాటినవారవుతారు. చివరి అంకెలు రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ (అక్కడ ఎన్నికలు చూసే అధికారి) ధ్రువీకరించిన ఫలితాల నుంచే తీసుకోండి.

నీలిసిరా:
తెలుగులో రాస్తున్నారు కాబట్టి మాటల గురించి. "కాంగ్రెస్ అడ్డుకుంది" అంటే మనవాళ్ళకు ముందు పార్టీ గుర్తొస్తుంది. మొదటిసారి "అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్" అనండి, ఆ తర్వాత సెనేట్, ప్రతినిధుల సభ అని విడిగా పేరు పెట్టండి. "ఎర్ర రాష్ట్రాలు" అంటే మనకు కమ్యూనిస్టులు, అక్కడ రిపబ్లికన్లు. ఈ రంగుల వాడుక స్థిరపడింది కూడా 2000 ఎన్నికల తర్వాతే. రంగు తీసేసి పార్టీ పేరే రాయండి.

"చొరబాటుదారులు", "భ్రూణహత్య" లాంటి మాటలు ఒక పక్షం నినాదాలు. "హక్కుల హంతకులు" ఇంకో పక్షానిది. ఎవరైనా అన్నారని చెప్పేటప్పుడు కొటేషన్లలో పెట్టండి, మీ వాక్యంలో "అనుమతి పత్రాలు లేని వలసదారులు", "అబార్షన్" అనండి. 139ని "అబార్షన్‌కు పూర్తి స్వేచ్ఛ" అని కూడా రాయకండి. అది శిశువు గర్భం బయట బతకగల దశ వరకు వర్తించే హక్కు, ఆ తర్వాత తల్లి ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పుంటేనే. అంతకుముందు అక్కడ 15 వారాల పరిమితి ఉండేది. ఆ రెండు గీతలూ పక్కపక్కన పెడితే ఓటర్లు దేన్ని మార్చారో పాఠకుడికి అర్థమవుతుంది.