అప్‌డేట్: హాట్ చాక్లెట్‌లో కోకో ఉండలు, బెల్లంతో విరిగే పాలు

అమలాపురం నుంచి అడిగింది నేనే. కోకో పొడి ఉండలు కడుతోంది, బెల్లం వేస్తే పాలు విరుగుతున్నాయి అని. అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది ముద్ద చిట్కా. కప్పుకి రెండు చెంచాల పొడి గిన్నెలో వేసి, కాసిని వేడి పాలతో చెంచా వెనకవైపుతో నలపాలి. నిగనిగలాడే ముద్దయ్యాక మిగతా పాలు కొద్దికొద్దిగా పోయాలి. కోకోలో కొవ్వు ఉంటుంది కాబట్టి నేరుగా పాలమీద చల్లితే పొడి సరిగ్గా తడవదు. బెల్లం స్టవ్ కట్టేసి, కాస్త చల్లారాకే.

గేదె పాల చిక్కదనం వల్లో, కోకో డబ్బా పాతదవడం వల్లో అన్న అనుమానాలు తీరిపోయాయి. అవే పాలు, అదే డబ్బా, ఈసారి బాగానే కుదిరింది. కార్న్‌ఫ్లోర్ కలిపితే చిక్కబడింది గానీ, తాగడానికి చెంచా కావాల్సొచ్చింది.

మా కొబ్బరితోటలో కోకో కాయలున్నాయంటే ఆ గింజలే వాడమన్నారొకరు. పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, పొట్టు తీయాలండీ! సాయంత్రం టీ టైముకి అయ్యే పనేనా?