కాకతాళీయమా, కోడీ కుంపటా?

ప్రశ్న (బెజవాడ, ఎం.ఏ. ఎకనామిక్స్ విద్యార్థి):
నమస్కారమండీ. ప్రభుత్వ పథకాల ఫలితాన్ని లెక్కగట్టే ఎకనమెట్రిక్స్ మాకు ఈ సెమిస్టర్‌లో మొదలైంది. పథకం వచ్చాక మార్పు కనిపించినంత మాత్రాన దానివల్లే అనుకోకూడదని చెబుతూ మేడం "కాకతాళీయం కావచ్చుగా" అన్నారు. వెనక బెంచీవాడు "ముసలమ్మ కోడీ కుంపటీ" అన్నాడు. రెండూ ఒకటేనా?

జవాబు (గుంటూరు, రిటైరైన తెలుగు మాస్టారు):
ఎలా ఒకటవుతాయి నాయనా? కాకతాళీయంలో కాకి వాలేది ఒక్కసారి, తాటిపండు రాలేదీ ఒక్కసారి. అనుకోకుండా కలిశాయి, అంతే. పాణిని 5.3.106 సూత్రానికి కాశిక అనే పాత వ్యాఖ్యానం చెప్పిన వివరణలో ఆ పండు మీదపడి కాకి చస్తుంది కూడా. మన వాడుకలో దాన్ని బతికించేశాం. తన కోడి కూస్తేనే తెల్లారుతుందనీ, తన కుంపటి నిప్పుతోనే ఊళ్లో పొయ్యిలు వెలుగుతాయనీ నమ్మిన ముసలమ్మ సంగతి వేరు. ఆవిడ కోడి రోజూ కూసింది, రోజూ తెల్లారింది. ఒక్కనాడూ తప్పలేదు. ఆవిడ నమ్మకంలో తప్పేముంది మరి!

జవాబు (బెజవాడ, పథకాల సర్వేల్లో పనిచేస్తాను):
మాస్టారు బాగా పట్టుకున్నారు. కాకతాళీయం భయం శాంపిల్ పెంచితే తగ్గుతుంది. కోడి సంగతి అలా కాదు, వెయ్యి రోజుల డేటా తెచ్చామా, ముసలమ్మ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. స్టాటా అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో పి వాల్యూ (ఇది ఉత్త కాకతాళీయమేనా అని చూసే అంకె) చూసి మురిసిపోయేవాళ్లు మా ఆఫీసులోనే బోలెడంతమంది.

బెజవాడలో డిసెంబరులో కొత్త రైతుబజారు తెరిచారనుకోండి. జనవరికల్లా టమాటా దిగింది. బజారు మహిమా, చలికాలం పంటా? ఆ నెలల్లోనే, బజారు తెరవని తెనాలిలో ఎంత దిగిందో చూసి, అంతమేరకు ఇక్కడి తగ్గుదలలోంచి తీసేస్తే మిగిలింది బజారు వాటా. డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ అంటే ఇదే. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ కనీస వేతనాన్ని గంటకు 4.25 నుంచి 5.05 డాలర్లకు పెంచినప్పుడు కార్డ్, క్రూగర్ అనే ఆర్థికవేత్తలు పక్కనున్న తూర్పు పెన్సిల్వేనియా ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను పోలికకు పెట్టుకుని వేసిందీ ఈ లెక్కే. బజారు రాకపోతే రెండు ఊళ్ల ధరలూ ఒకే తీరున నడిచేవన్న షరతు మీదే ఇదంతా నిలబడుతుంది. తెనాలి జనం కూడా బెజవాడ వచ్చి కొనడం మొదలుపెడితే లెక్క గోవిందా.

విద్యార్థి:
మరి కుంపటి ఎందుకండీ? కోడి ఒక్కటీ చాలదా?

సర్వేల ఆయన:
అసలు కిటుకు కుంపటిలోనే ఉంది తమ్ముడూ. కోడి వల్ల తెల్లవారదు, నిజమే. కుంపటి వల్ల మాత్రం నాలుగిళ్ల పొయ్యిలు నిజంగానే వెలిగేవి. ఆవిడ అలిగి ఊరు వదిలాక జనం పస్తులున్నారా? ఇంకో ఇంట్లో నిప్పు తెచ్చుకున్నారు. పథకం లేకపోతే జనం ఏం చేసేవారన్నది ఊహించకుండా పథకం విలువ కట్టలేం.

ఉమ్మడి రాష్ట్రంలో 2010లో ఉపాధి హామీ కూలీకీ పింఛన్లకూ స్మార్ట్‌కార్డులు ఇచ్చేటప్పుడు మురళీధరన్, నీహౌస్, సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ఎనిమిది జిల్లాల్లో ప్రభుత్వంతో కలిసి మండలాలకు లాటరీ తీశారు. 112 మండలాలకు ముందు, 45 మండలాలకు ఆఖర్న. (మన కృష్ణా, గుంటూరు అందులో లేవు లెండి.) ఆ 45 మండలాల్లో కూలీ ఆగలేదు, ఎప్పటిలాగే పోస్టాఫీసు దారిన వచ్చింది. కార్డుల వల్ల డబ్బు త్వరగా అందిందనీ, మధ్యలో కారిపోయేది తగ్గిందనీ తేలింది ఆ పాత దారితో పోలిస్తేనే. కంట్రోల్ గ్రూప్ (పోల్చడానికి పెట్టుకున్న గుంపు) అనగానే ఏమీ అందనివాళ్లని రాసేస్తారు మీవాళ్లు పరీక్షల్లో.

మరో సభ్యురాలు (మంగళగిరి):
మా ఇంట్లో కుంపటి ఊసే ఎత్తరండీ. "నీ కోడి కూయకపోతే తెల్లారదా ఏంటి?" అంటారు, అంతే.

మాస్టారు:
అది కోపంలో కురచైన రూపం తల్లీ. తిట్టడానికి చాలు. పరీక్షకు మాత్రం కుంపటితో సహా రాయమనండి.