చిన్న చిన్న అల్లిక పనులకి ఐడియాలు మీకు ఎక్కడ తడతాయి?

ఊలుండ_నాగోలు

అందరికీ నమస్తే. నాకు సూదులతో ఊలు అల్లడం వచ్చు. క్రోషే (కొక్కెం సూది అల్లిక) కూడా చైను అంటే గొలుసు కుట్టు, డబుల్ అంటే సూదికి ఒకసారి దారం చుట్టి వేసే పొడుగు కుట్టు, అంతవరకు వచ్చు. చెయ్యడం రాక కాదు, ఏం చెయ్యాలో తోచక ఆగిపోతున్నాను. హైదరాబాద్‌లో చలి ఎన్నాళ్ళుంటుంది చెప్పండి, స్వెటర్ ఎవరికి అల్లాలి? మా ఆయనకి అల్లిన మఫ్లర్ అరకు వెళ్ళినప్పుడు తప్ప బీరువాలోంచి బయటికి రాలేదు.

మిగిలిపోయిన అక్రిలిక్ ఊలు ఉండలు ఒక బియ్యం సంచీ నిండా ఉన్నాయి. ఫోన్‌లో చూస్తే అన్నీ ముద్దొస్తాయి. పెంగ్విన్లు, క్రిస్మస్ చెట్టుకి వేలాడదీసే మేజోళ్ళు, టీ కెటిల్‌కి తొడిగే చొక్కాలు. మనింట్లో టీ కెటిల్ ఎక్కడుంది? గిన్నెలో మరిగించి వడపోసుకోవడమే కదా! గంటసేపు చూస్తాను, బోలెడు బొమ్మలు సేవ్ చేస్తాను, ఒక్కటీ మొదలుపెట్టకుండా పడుకుంటాను.

శ్రావణమాసం వస్తోంది. వాయనానికి వచ్చేవాళ్ళకి ఈసారి ప్లాస్టిక్ డబ్బాలు వద్దు, చేత్తో చేసినవి ఇద్దామనుకుంటున్నాను. ఆ తర్వాత మా ఆడపడుచు కూతురి సీమంతం ఉంది. ఒకటి రెండు సాయంత్రాల్లో అయిపోవాలి, తీసుకున్నవాళ్ళు నిజంగా వాడాలి. ప్యాటర్న్ లింకులు అడగడం లేదు. అసలు ఆలోచన మీకు ఎక్కడ మొదలవుతుందో చెప్పండి.

గోదారి_లేసు

నాది నరసాపురం పక్క పల్లెటూరండి. మావైపు మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద క్రోషే సూది పట్టని ఆడవాళ్ళు తక్కువ. పంతొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీల దగ్గర నేర్చుకున్న పని అది. 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మ, పిన్నులు అల్లిన లేసులు ఓడలెక్కి ఎవరెవరి భోజనాల బల్లల మీదో పరుచుకున్నాయి గానీ మా ఇంట్లో ఒక్కటీ ఉండేది కాదు. దారం ఏజెంటుది, కొలత ఏజెంటుది, డిజైను ఆయన తెచ్చి చూపించిన ముక్క. కూలి సంగతి ఎత్తితే ఇది వేరే కథ అవుతుంది, పోనివ్వండి.

అందుకేనేమో, నాకోసం నేను అల్లుకోవడం మొదలుపెట్టినప్పుడు డిజైన్లు వెతకబుద్ధి కాలేదు. ఇంట్లో దేనికి మూత లేదు, దేనికి కింద గుడ్డ లేదు, ఏది ఎప్పుడూ కిందపడుతోంది అని చూస్తాను. వంటగదిలో ఒక్క పూట కాగితం, పెన్సిలు పెట్టుకుని కూర్చోండి, మీకే తెలుస్తుంది. మాకు మొదట దొరికింది పెరుగు గిన్నె. రాత్రి తోడు పెట్టాక స్టీలు పళ్ళెం బోర్లిస్తే ఆవిరి పట్టి నీళ్ళు కారతాయి. పల్చటి గుడ్డ కప్పితే ఫ్యాను గాలికి ఎగిరిపోతుంది. అందుకని ఇరవై నంబరు కాటన్ దారంతో గుండ్రంగా వల లాంటిది అల్లి, చివరి వరసలో గాజు పూసలు వేశాను. ఆ పూసల బరువుకే అంచు కిందికి జారి గిన్నెని పట్టుకుని ఉంటుంది. ఎంత ఫ్యాను వేసినా కదలదు.

కొలత ఏమీ లేదు. గిన్నె మూతికన్నా చుట్టూ నాలుగు వేళ్ళు ఎక్కువ రావాలి. చివరి వరసకి దారం కొత్తగా కలపాలి. ఆ దారానికి పూసలన్నీ ముందే గుచ్చుకుని, నాలుగు చైన్లకొకటి చొప్పున సూది దగ్గరికి తోసుకుంటూ పోవడమే. చీర కుచ్చులు కట్టేవాళ్ళ దగ్గర పూసలు దొరుకుతాయి. రంగు పూసిన ప్లాస్టిక్ పూసలు మాత్రం వద్దు, రెండు ఉతుకులకే తెల్లబోతాయి.

ఇదే మూత కాస్త చిన్నదైతే మజ్జిగ గ్లాసుకి. రెండు పొరలుగా, కాస్త దగ్గరగా అల్లితే ఆవకాయ జాడీకి వాసెన కట్టిన గుడ్డ మీద అందంగా కప్పుకోవచ్చు. అచ్చంగా వాసెన బదులు వాడకండి, వల కన్నాల్లోంచి దుమ్ము లోపలికి పోతుంది.

ఇంకొక మాట. లేసు పనిలో ఒకరే మొత్తం దుప్పటి అల్లరు. పువ్వులు అల్లేది ఒకరు, వాటిని కలిపే అతుకుపని చేసేది ఇంకొకరు. మీరు ఒక్కరే రెండు పనులూ చెయ్యండి, కానీ వేర్వేరు రోజుల్లో. టీవీ చూస్తూ ఒకే రకం పువ్వులు అల్లి డబ్బాలో వేస్తూ ఉండండి. నాలుగు కలిస్తే గ్లాసు కింద పెట్టుకునేది, ఒక వరసలో పదీ పదిహేను కలిపితే గుమ్మానికి తోరణం. ఏం చెయ్యాలో పువ్వులు పోగయ్యాక ఆలోచించవచ్చు.

ముక్కుసూటి

నేను చెప్పేది కొంచెం చేదుగా ఉంటుంది. వాయనానికి వచ్చే ముప్ఫైమందికి చేత్తో అల్లి ఇవ్వకండి. సగంమంది ఆ సాయంత్రమే ఇంకో ఇంట్లో వాయనంలో పెట్టి ఇచ్చేస్తారు. అది వాళ్ళ తప్పు కాదు, వాయనాలు తిరుగుతూనే ఉంటాయి. మీ పని మళ్ళీ మీ ఇంటికే తాంబూలంలో వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. మా వీధిలో ఒకావిడకి వచ్చింది. శనగలు, రవికెగుడ్డ అందరికీ ఇవ్వండి. అల్లినవి మాత్రం దారం విలువ తెలిసిన ఐదారుగురికి.

ఆ అక్రిలిక్ సంచీకి మాత్రం నా దగ్గర మందుంది. జపాన్, కొరియా వాళ్ళు అక్రిలిక్ ఊలుతో గిన్నెలు తోముకునే పీచులు అల్లుకుంటారు. నాన్‌స్టిక్ పెనానికి గీత పడదు, జిడ్డు బాగా వదులుతుంది. అరచేయంత, రెండు పొరలు, ఒక మూల తగిలించడానికి చిన్న ఉచ్చు. సంచీ ఖాళీ అయిపోతుంది. కాకపోతే పండగ పూట పీచు ఇస్తే ముఖం ఎలా పెడతారో నేను హామీ ఇవ్వలేను, అక్కచెల్లెళ్ళకి ఇచ్చుకోండి.

ఊలుండ_నాగోలు

గోదారి గారూ, పెరుగు గిన్నె మూత ఈ వారమే మొదలుపెడతాను. ముక్కుసూటి గారు, మీరు అన్నది నిజమే, మా ఇంటికీ ఒకసారి మేమిచ్చిన స్టీలు డబ్బాయే తిరిగి వచ్చింది. లిస్టు కుదించేశాను.

ఒక సందేహం. మా అమ్మ దగ్గర పాత ముగ్గుల పుస్తకం ఉంది. ఆ ముగ్గుల్ని అల్లికలోకి తేవచ్చా?

మగ్గం_పక్కిల్లు

తేవచ్చు. ముగ్గులైనా, నేతలోని బొమ్మలైనా, ఒకసారి గళ్ల కాగితం మీదికి వచ్చాయంటే అల్లికే. మాది సిద్దిపేట. గొల్లభామ చీర తెలుసు కదా, కొంగు అంచున నెత్తిన కుండ పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ. నేను దాన్నే క్రోషేలో వల పద్ధతిలో చేశాను, పుస్తకంలో పెట్టుకునే గుర్తుగా. ఖాళీ గడి అంటే ఒక డబుల్, రెండు చైన్లు. నిండు గడి అంటే ఆ రెండు చైన్ల చోట రెండు డబుళ్ళు. అంతే, గళ్ల కాగితంలో నల్లగా నింపిన చోట నిండు, తెల్లగా వదిలిన చోట ఖాళీ.

మొదటి గొలుసు లెక్క చెప్తాను. గడికి మూడు, పైన ఐదు. పదిహేను గడుల వెడల్పుకి యాభై చైన్లు, మొదటి డబుల్ సూది నుంచి ఎనిమిదో చైనులో. అంచు గడి ఖాళీగా ఉంటేనే ఈ లెక్క.

ముగ్గుల్లో మెలికల ముగ్గు జోలికి ఇప్పుడే వెళ్ళకండి, గీతలన్నీ వంకర్లు, గడుల్లో పెడితే మెట్లు మెట్లుగా వస్తుంది. దీపం, తామర, చిలక లాంటివి బాగా కుదురుతాయి.

మీరు సూదుల అల్లికవాళ్ళు కాబట్టి ఇంకో సంగతి. నిట్ కుట్టు పొడుగుకన్నా వెడల్పు ఎక్కువ. మామూలు గళ్ల కాగితం చూసి ఊలుతో అల్లితే గొల్లభామ పొట్టిగా, లావుగా తయారవుతుంది, కుండ చాట అవుతుంది. గీసేటప్పుడే మనిషిని కాస్త సాగదీసి గీయండి. లేదా అల్లేటప్పుడు ప్రతి మూడో వరసని రెండుసార్లు అల్లండి, దాదాపు సరిపోతుంది.

రిటైర్డ్_సుబేదార్_విజయనగరం

మగవాడు మాట్లాడొచ్చా? పఠాన్‌కోట్‌లో ఉన్నప్పుడు మా క్వార్టర్స్ ఆడవాళ్ళు శీతాకాలం ఎండలో కూర్చుని అల్లేవారు, మా ఆవిడ అక్కడే నేర్చుకుంది. ఆవిడ పక్కన ఉండలు చుట్టీ చుట్టీ నాకూ వచ్చేసింది. ఇప్పుడు ఆవిడకి చూపు సరిగ్గా ఆనడం లేదు, అల్లడం నా వంతు.

సీమంతం అన్నారు కాబట్టి రాస్తున్నాను. మన ఎండలకి పసిపిల్లకి ఊలు స్వెటర్ వద్దమ్మా, పల్చటి కాటన్ టోపీ అల్లండి. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల్ని తల్లి గుండెల మీద ఆనించి ఉంచే కంగారూ పద్ధతిలో నెత్తికి టోపీ, కాళ్ళకి మేజోళ్ళు వేస్తారు. మేము అల్లినవి కొన్ని ఊళ్ళోని ఆసుపత్రికి ఇస్తుంటాం. ముందు అక్కడి నర్సమ్మల్ని అడిగి, వాళ్ళు చెప్పిన సైజులోనే. ఏ గుడ్డ కావాలో, ఎలా ఉతకాలో వాళ్ళకి నియమాలుంటాయి.

పసిపిల్లలవి ఏవి అల్లినా లోపలివైపు తిప్పి చూడండి. వదులు దారాలు వేలాడితే చిన్న వేళ్ళకి చుట్టుకుని బిగుసుకుంటాయి. గుండీలు, పూసలు అసలు పెట్టకండి, బొమ్మకి కళ్ళు కావాలంటే దారంతో కుట్టండి. టోపీకి తాళ్ళు వద్దు. కుచ్చు అందంగా ఉంటుంది, ఫొటో దిగాక కత్తిరించేయండి.

ఊలుండ_నాగోలు

బాబాయ్ గారూ, పిన్నిగారికి నా నమస్కారాలు చెప్పండి. టోపీ కాటన్‌తోనే. గోదారి గారూ, ఆఖరి ప్రశ్న. పూజగదిలో దీపం కుందె కిందికి గుండ్రంగా ఒకటి అల్లాలని ఉంది, సంచీలోని పసుపు రంగు అక్రిలిక్ సరిగ్గా సరిపోయేట్టుంది. వాడొచ్చా?

గోదారి_లేసు

వద్దండి. అక్రిలిక్ వేడికి కరిగి అంటుకుంటుంది, నూనె మరక కూడా వదలదు. వేడి గిన్నెల కింద పెట్టేవాటికీ అంతే, కాటన్ తప్ప వేరే మాట లేదు. దీపం కిందికైతే కాటన్ కూడా నాకు ఇష్టం లేదు, ఒత్తి జారితే అదీ అంటుకుంటుంది. ఇత్తడి పళ్ళెం ఉంచి, అల్లింది కలశం కింద పరవండి. అది మూడు రంగుల్లో అల్లుకోవచ్చు. కాటన్‌లో ఎరుపు ఉంటే ముందు ఒక మూర దారం ఉప్పునీళ్ళలో నానబెట్టి తెల్లగుడ్డ మీద ఆరేసి చూడండి, రంగు దిగితే ఆ దారం పసుపు పక్కన పెట్టకండి.

పసుపు అక్రిలిక్‌తో ముక్కుసూటి గారి పీచులు చేసుకోండి.