రాత్రి కుటుంబ ప్రార్థనలో వాక్యం: మీ ఇళ్లల్లో ఎలా చదువుతున్నారు?

కొర్లగుంట సిస్టర్: అందరికీ వందనాలు. మా ఆయనది బెంగళూరు బస్సు డ్యూటీ, సగం రాత్రులు ఇంట్లో ఉండడు. ఆదికాండం, నిర్గమకాండం బాగానే నడిచాయి. లేవీయకాండం బలుల దగ్గరికొచ్చేసరికి తొమ్మిదో తరగతి వాడు ఫోన్ తీశాడు, చిన్నది నిద్రపోయింది. ఏ పుస్తకం మొదలుపెట్టాలి, ఎంతసేపు చదవాలి? ఆయన లేని రోజు ఏం చెయ్యాలి?

గ్రీమ్స్‌పేట బ్రదర్: సామెతలు పెట్టుకోండమ్మా. 31 అధ్యాయాలు, తారీఖుకు ఒకటి. ఈ రోజు ఏది అనే గొడవే ఉండదు.

పలమనేరు సుగుణ: మా ఇంట్లోనూ తారీఖు లెక్కే. 31వ తారీఖు ఏడాదికి ఏడుసార్లే వస్తుంది కదా, గుణవతియైన భార్య అధ్యాయం ఆ ఏడు రోజులే. ఆ రోజు మా ఆయన పిలవకుండానే చాప పరిచి కూర్చుంటాడు. పరస్త్రీ జోలికి పోవద్దని చెప్పే 5వ తారీఖున మాత్రం తలనొప్పి!

మదనపల్లె ఎల్డర్: ఇది నవ్వులాట కాదు. పిల్లల్ని ప్రభువు బోధలో పెంచమనే ఎఫెసీ పత్రిక 6:4 "తండ్రులారా" అనే మొదలవుతుంది. ఇంటి యజమాని లేకుండా వాక్యం నడపకూడదు. ఏళ్ల తరబడి సండే స్కూలు చూసుకుంటున్నవాణ్ణి, తల్లులు నడిపే ఇళ్లల్లో మగపిల్లలు పదో తరగతి దాటితే మందిరం మొహం చూడరు.

చిత్తూరు టీచరమ్మ: అయ్యా, అదే సామెతలు 31 మొదటి వచనం చూడండి. లెమూయేలు రాజుకు తల్లి ఉపదేశించిన మాటలవి. పౌలు శిష్యుడు తిమోతి విశ్వాసం ఎవరి దగ్గర మొదలైంది? అవ్వ లోయి, తల్లి యునీకే. ఈమె భర్త డ్యూటీ దిగేదాకా బైబిలు మూసిపెట్టమంటారా?

మదనపల్లె ఎల్డర్: తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు, అపొస్తలుల కార్యములు 16:1. అందుకే తల్లి చూసుకుంది. ఇక్కడ తండ్రి విశ్వాసే కదా! వచనాలు ముక్కలు చేసి చూపించకండి.

చిత్తూరు టీచరమ్మ: ముక్కలు చేసింది మీరు. రెండు వచనాలు వెనక్కి వెళ్తే 6:2లో తల్లి కూడా ఉంది. ఇంతకీ మీ సండే స్కూల్లో పిల్లలకు నేర్పేది మగవాళ్లేనా?

పలమనేరు సుగుణ: ఆమెన్ టీచరమ్మా.

నగరి కోడలు: మా అత్తకు అరవ బైబిలు తప్ప పనికిరాదు. పిల్లలేమో ఇంగ్లీషు మీడియం, తెలుగు కూడబలుక్కుంటారు. ఒకే అధ్యాయం రెండు భాషల్లో చదివేసరికి అన్నం చల్లారిపోతోంది. ముందు తినేసి కూర్చుంటే అత్త కునికిపాట్లు. ఎవరైనా ఉపాయం చెప్పండి.

గ్రీమ్స్‌పేట బ్రదర్: సామెతలు పెట్టండి.

తిరుపతి స్టూడెంట్: మా నాన్న వంతుల పద్ధతి పెట్టాడు, వంతు ఎవరిదైతే భాగం వాళ్లే ఎంచుకోవాలి. నేను ప్రతిసారీ 117వ కీర్తనే, రెండే వచనాలు. కసి పట్టి ఒకరోజు ఆయన 119 తీశాడు. 176 వచనాలు! ఆ రాత్రి ఇంట్లో ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. అక్కా, మీవాడికీ ఒక వంతు ఇవ్వండి. ఫోన్ లాక్కోవద్దు, బైబిలు యాప్ తెరిచి వాడితోనే చదివించండి.

మదనపల్లె ఎల్డర్: ఫోన్‌లో వాక్యమా? మధ్యలో మెసేజ్ వస్తే ఎవరి మాట వింటాడు?

కొర్లగుంట సిస్టర్: ఇదంతా మా ఆయనకు చదివి వినిపించా. "నా బస్సు పలమనేరు దాటేలోపు మీరు ముగించి పడుకోండి" అన్నాడు. ఈ రోజు నుంచి మార్కు సువార్త మొదలు. 16 అధ్యాయాలే.

నగరి కోడలు: ఫోన్ గొడవకు వేరే చర్చ పెట్టుకోండి ఎల్డర్‌గారూ. మా అత్త సంగతి ఒక్కరూ పట్టించుకోలేదు.