ఎంఆర్‌ఎస్‌ఏకి బద్దెపురుగు మందు: నిజంగా పనికొస్తుందా?

సూక్ష్మదర్శి: బద్దెపురుగుల మందు నిక్లోసమైడ్‌ని, మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా ఎంఆర్‌ఎస్‌ఏ మీద ఎందుకు వాడకూడదు? మెట్రోనిడజోల్ మొదట ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవి మందే కదా! 1962లో అది వాడుతున్న ఒకామెకు చిగుళ్ళ పుండు కూడా మానిందని గమనించారు. అక్కణ్ణుంచే ఆక్సిజన్ లేని చోట బతికే బ్యాక్టీరియాకీ మందయింది. ఇప్పుడు నిక్లోసమైడ్ ల్యాబ్‌లో ఎంఆర్‌ఎస్‌ఏని మి.లీ.కి 1 మైక్రోగ్రాము లోపే ఆపుతోంది. మరి అభ్యంతరం ఏమిటి?

డోసులెక్క: ఆ పోలిక కుదరదండీ. మెట్రోనిడజోల్ మింగితే దాదాపు అంతా రక్తంలోకి ఎక్కుతుంది, ప్రొటీన్లకు అతుక్కునేది 20 శాతం లోపే. నిక్లోసమైడ్ 2 గ్రాములు నమిలి మింగినా చాలావరకు పేగుల్లోనే ఉండిపోతుంది. ఎక్కిన కాస్తలోనూ 99 శాతం రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్ పట్టేసుకుంటుంది. ఇంకో పురుగుల మందు ఐవర్‌మెక్టిన్ మరీ అన్యాయం: క్షయ బ్యాక్టీరియాని ఆపడానికి మి.లీ.కి 1 నుంచి 8 మైక్రోగ్రాములు కావాలని 2013లో ల్యాబ్ ఫలితం వచ్చింది. కిలోకి 200 మైక్రోగ్రాముల మామూలు డోసుతో రక్తంలో చేరేది మి.లీ.కి 0.05 దగ్గర. తక్కువలో తక్కువ ఇరవై రెట్లు పెంచాలి, అంత పోస్తే ముందు దెబ్బతినేది మెదడు.

సూక్ష్మదర్శి: ఐవర్‌మెక్టిన్‌ని వదిలేద్దాం. రక్తంతో పనిలేని చోట్ల మాటేమిటి? ఎగ్జిమా చర్మం మీద స్టాఫ్ తగ్గించడానికి నిక్లోసమైడ్ పూతమందు ట్రయల్ జరిగింది. పేగుల్లో విరేచనాలు తెచ్చే సి. డిఫిసిల్ బ్యాక్టీరియాకి, పరాన్నజీవుల మందే అయిన నైటాజోక్సనైడ్ 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఇచ్చి చూస్తే మెట్రోనిడజోల్‌కి తీసిపోలేదు.

డోసులెక్క: చర్మం, పేగుల వరకు ఒప్పుకుంటాను. కానీ సి. డిఫిసిల్‌కి మెట్రోనిడజోల్‌నే మొదటి వరుస నుంచి తప్పించారు, దానితో సమానమంటే పెద్ద మెప్పేమీ కాదు.

బెంచిటెక్: ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస గాఢత) అంకె మీదే ఇద్దరూ వాదిస్తున్నారు, ముందు ఆ అంకె ఎలా తీశారో చూడండి. నిక్లోసమైడ్ నీళ్ళలో కరగదు. డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి, బ్యాక్టీరియా పెంచే ద్రవంలో (బ్రాత్) ఆ ద్రావకం 1 శాతం మించకుండా చూస్తారు. మందు గాఢత పెరిగితే మందే అడుగుకు దిగి, పరీక్ష ప్లేటులోని గుంట మసకబారి బ్యాక్టీరియా పెరిగినట్టు కనిపిస్తుంది. కంటితో తేల్చకుండా అగార్ (జెల్లీ లాంటి పోషక పదార్థం) మీద వేసి కాలనీలు లెక్కపెట్టాలి. పరీక్ష మొదలు మి.లీ.కి 5 లక్షల సీఎఫ్‌యూ (కాలనీ కట్టగల బ్యాక్టీరియా), 35 డిగ్రీల సెల్సియస్, 16–20 గంటలు. రక్తంలోలా మందు అతుక్కుపోతే ఎంత పనిచేస్తుందో తెలియాలంటే పక్కనే 4 శాతం ఆల్బుమిన్ కలిపిన ఇంకో ప్లేటు తప్పనిసరి. అది లేని పేపరు చూపించి రక్తం ఇన్ఫెక్షన్ల ఊసెత్తొద్దు.

సూక్ష్మదర్శి: గ్రామ్ నెగటివ్‌లకు (అదనపు బయటి పొర ఉన్న బ్యాక్టీరియాకి)? ఈ. కోలైలో టోల్‌సీ పంపు నిక్లోసమైడ్‌ని బయటికి తోసేస్తుంది, మిగిలినదాన్ని నైట్రోరిడక్టేజ్ ఎంజైములు పాడుచేస్తాయి. చివరి అస్త్రంలాంటి యాంటీబయాటిక్ కోలిస్టిన్ తోడైతే మాత్రం, కోలిస్టిన్‌కి లొంగని అసినెటోబాక్టర్ (ఐసీయూల్లో న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా) కూడా ల్యాబ్‌లో లొంగుతోంది.

డోసులెక్క: కోలిస్టిన్‌తో కిడ్నీల బెడద ఉండనే ఉంది. ఐసీయూ న్యుమోనియాకైతే మాత్రలు దండగ. కోవిడ్ సమయంలో పీల్చే నిక్లోసమైడ్‌ని మనుషుల్లో పరీక్షించారు, ప్రయత్నిస్తే ఆ దారినే. అప్పుడు కూడా కఫంలో మందు ఎంత చేరిందో కొలిచి చూపించాలి.